తెరిచినవారే మూయవలెను

లక్కోజు మోహనాచారికి ఈ భూమ్మీద ఒక్క మనిషంటేనే కడుపు మంట. ఆ మనిషి పేరు తాడిశెట్టి కోదండపాణి. ఏటిగడ్డ మండలం తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. లంచం అడిగాడని కాదు ఆ మంట. అడిగితే బాగుండేది, ఏదో ఒకటి ఇచ్చి వదిలించుకునేవాడు. కోదండపాణి నిప్పులాంటి మనిషి. ఎవరి టీ కూడా తాగడు. అలాంటివాడితో పని పడితే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు, పట్టుకుంటే చేతికి ఏమీ దొరకదు.

ఆచారికి బస్టాండు వెనక ఒక రిపేరు కొట్టు, దాని వెనక రెండు గదుల ఇల్లు ఉన్నాయి. తండ్రి రేడియోలు బాగుచేసే రోజుల్లో ప్రభుత్వ బంజరు మీద రేకులు దించి వేసుకున్నది. ఎనిమిదో తరగతిలో బడికి దండం పెట్టి ఆచారి కూడా అదే బల్ల ముందు కూర్చున్నాడు. రేడియో పోయి టేప్ రికార్డరు, అది పోయి టీవీ, అది పోయి సెల్‌ఫోను, చివరికి లాప్‌టాప్, అన్నీ ఆ బల్ల మీదకే వచ్చాయి. ఇన్నేళ్లకు ప్రభుత్వానికి మనసు కరిగి, అలాంటి స్థలాల్లో ఉన్నవాళ్లకే వాటిని పట్టా చేసి ఇస్తానంది. ఏటిగడ్డలో మొత్తం ఇరవై రెండు స్థలాలు తేలాయి. పాత తహసీల్దారు కోదండపాణిని వెంటబెట్టుకుని ఒక్కరోజులో ఊరంతా తిరిగి ఇరవై ఒక్కటి రాసుకున్నాడు. ఆచారి కొట్టు దగ్గరికి వచ్చేసరికి తలుపు మూసి ఉంది. "స్థలమునందు మనిషి లేడు" అని రాసుకున్నాడు కోదండపాణి.

మనిషి ఎక్కడికీ పోలేదు. ఆ పూట ఆఫీసు ఇన్వర్టరు చెడిపోయిందని కోదండపాణే కబురు పెడితే వెళ్లి, అదే ఆఫీసులో, అదే కోదండపాణి ఖాళీ కుర్చీ పక్కన నేల మీద కూర్చుని దాన్ని బాగుచేస్తున్నాడు.

ఆ తర్వాత ఆచారి అర్జీ పెట్టుకున్నాడు. మళ్లీ విచారణ అయింది, సర్వే అయింది, అభ్యంతరాలు ఎవరికీ లేవని తేలింది. ఇక మిగిలింది ఒక్క బొటనవేలు. కొత్తగా వచ్చిన తహసీల్దారు ఇందుమతి గారు ఆ నెల ముప్పయ్యో తారీకు సాయంత్రం అయిదింటిలోగా తన బొటనవేలు చిన్న యంత్రం మీద పెడితే స్థలం ఆచారిది. పెట్టకపోతే బస్టాండు విస్తరణది. ఆ వేలికీ ఆచారికీ మధ్య ఒక లాప్‌టాప్ ఉంది.

"తిరుగుతోంది ఆచారీ," అన్నాడు కోదండపాణి పదకొండో తారీకున, తెర మీద గుండ్రంగా తిరుగుతున్న చుక్కల్ని చూపించి.

"ఎప్పుడాగిద్ది సార్?"

"మన చేతుల్లో ఉందా? నిన్న మధ్యాహ్నం మొదలెట్టింది."

లాప్‌టాప్ ముందు నసీమా కూర్చుని ఉంది. కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు. మూడేళ్లుగా ఆ చుక్కల్నే చూస్తూ ఉండటం వల్ల ఆమెకు ఓర్పు విషయంలో సాధువులతో సమానమైన స్థాయి వచ్చేసింది. ఆచారి పేరులో మొదటి అక్షరం కొట్టి, లేచి వెళ్లి టిఫిన్ డబ్బా కడుక్కుని వచ్చేది. వచ్చేసరికి "ల" పడి ఉండేది. రెండోది కొట్టి నమాజుకు వెళ్లేది.

"నన్ను చూడనీండి సార్ ఒక్కసారి," అన్నాడు ఆచారి. "ఊళ్లో వాళ్ల లాప్‌టాపులన్నీ నా బల్ల మీదకే వస్తాయి."

కోదండపాణి చూడటానికి మాత్రమే అనుమతిచ్చాడు. ఆచారి చేతులు తుడుచుకుని దగ్గరికెళ్లాడు. లాప్‌టాప్‌కు పసుపు రాసి కుంకుమ పెట్టి ఉంది. మూత మీద నిమ్మకాయ వేలాడుతోంది. వెనక గోడకు నల్లరాతి ఫలకం, దాని మీద బంగారు అక్షరాల్లో, ఈ లాప్‌టాప్‌ను ఫలానా రోజున ఫలానా గౌరవనీయులు ప్రారంభించారని ఉంది. ఆ గౌరవనీయులు తర్వాతి ఎన్నికల్లో ఓడిపోయి ఇప్పుడు రొయ్యల చెరువులు చూసుకుంటున్నారు.

ఆచారి మూడు మీటలు కలిపి నొక్కాడు. పావుగంటకు ఒక పట్టిక తెరుచుకుంది. మెమరీ తొంభై ఏడు శాతం నిండి ఉంది. కింద వరుసగా తెరిచి ఉన్న విండోలు. లెక్కపెడితే రెండు వందల పదమూడు.

ఆయనకు నవ్వొచ్చింది. అర్జీ పెట్టాక ఈ ఏడు వారాల్లో ఇదే మొదటిసారి.

"దీనికి రోగం లేదు సార్," అన్నాడు. "చిన్న గది, అందులో రెండొందల పదమూడు మంది చుట్టాలు దిగారు. ఒక్కడూ పోడు. పనిచేసేవాడికి నిలబడే చోటు లేదు. ఈ విండోలన్నీ మూసి, ఒకసారి ఆపి మళ్లీ వేస్తే పరిగెత్తిద్ది. టీ తాగేంత సేపు."

గదిలో ఎవరో దగ్గి ఆగిపోయారు. నసీమా తల దించుకుంది. కోదండపాణి కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎవరి అనుమతితో?"

"మూయటానికా?"

"మూయటానికే." బీరువా తెరిచి ఒక కాగితం తీశాడు. దాన్ని ప్లాస్టిక్ కవరులో భద్రం చేసి ఉంచాడు. గొంతు సవరించుకుని చదివాడు. "'తెరవబడిన ఏ దస్త్రమునైనను, తెరిచిన అధికారి గాని, ఆ అధికారి హోదాకు తగ్గని వేరొక అధికారి గాని, లిఖితపూర్వకముగా ఆదేశించినచో తప్ప మూయరాదు. ఉల్లంఘించిన యెడల తీవ్రముగా పరిగణించబడును.' అర్థమైందా?"

ఆ ఉత్తర్వు పాతికేళ్ల కిందట కాగితం దస్త్రాల కోసం పుట్టింది. ఎవడో గుమాస్తా ఒక దస్త్రం మూసి అటక మీద పడేస్తే, అందులో ఉన్న చెరువు కూడా దానితోపాటు మాయమైందట. దాన్ని లాప్‌టాప్‌కు వర్తింపజేసిన ఘనత మాత్రం పూర్తిగా కోదండపాణిదే. దస్త్రం తెరిస్తే విండో తెరుచుకుంటుంది గనుక విండో కూడా దస్త్రమేనని ఆయన నిర్ణయించాడు. ఇక ఆ లాప్‌టాప్‌లో తెరిచింది ఏదీ మూసిందీ లేదు, లాప్‌టాప్‌ను ఆపిందీ లేదు. ప్రారంభించినది గౌరవనీయులు. ఆపాలంటే ఆ హోదాకు తగ్గనివారు కావాలి. ఏటిగడ్డలో అంతటివారు ఎవరున్నారు?

"ఆయన రొయ్యల చెరువుల కాడున్నాడు గదా సార్, వెళ్లి సంతకం పెట్టించుకొస్తా," అన్నాడు ఆచారి.

"ఇప్పుడాయనకు హోదా ఏదీ?" అన్నాడు కోదండపాణి జాలిగా.

మర్నాడు ఆచారి తిన్నగా తహసీల్దారు గదిలోకే వెళ్లాడు. ఇందుమతి గారు వచ్చి రెండు నెలలైంది. చెడ్డావిడ కాదు. ఎదుటివాళ్లను కూర్చోమంటారు. మాట్లాడేటప్పుడు మాత్రం ఏ పనీ ఎవరూ చేసినట్టు ఉండదు, అన్నీ వాటంతటవే జరిగినట్టు ఉంటుంది.

"మీ సమస్యను గుర్తించడం జరిగింది," అన్నారు. "సానుభూతితో పరిశీలించడం కూడా జరుగుతోంది."

"నా సమస్య కాదు మేడం, మీ లాప్‌టాప్ సమస్య. మూయటానికి రూలు లేకపోతే పోనీండి. నా కొట్లో ఒక మెమరీ ముక్క ఉంది, వేలెడంత. దాన్ని పక్కన గుచ్చితే చోటు రెండింతలయిద్ది. నాకేం ఇవ్వొద్దు."

ఇందుమతి గారి ముఖం వెలిగింది. అది చూసి ఆచారి గుండె కూడా కాస్త కుదుటపడింది. అప్పుడు కోదండపాణిని పిలవడం జరిగింది.

"ప్రైవేటు వ్యక్తి మెమరీలో ప్రభుత్వ రికార్డు పెడతామా మేడం?" అన్నాడు కోదండపాణి. "రేపు ఇతను వచ్చి నా ముక్క నాకివ్వండి అంటే, అందులోకి చేరిన మండలం సంగతేంటి? పైగా ఇతని అర్జీ మన దగ్గర పెండింగులో ఉంది. పెండింగులో ఉన్నవాడి దగ్గర ఉచితంగా తీసుకుంటే దాన్నేమంటారో తమరికి తెలియంది కాదు. పోనీ కొందామంటే టెండరు పిలవాలి. టెండరు ఈ లాప్‌టాప్‌లోనే పెట్టాలి."

"నిజమే," అన్నారు ఇందుమతి గారు, వెలుగు తగ్గించుకుని. "అయితే జిల్లాకు రాయడం జరుగుతుంది."

రాశారు. కాగితం మీద రాసి మనిషి చేత పంపారు గనుక రెండు రోజుల్లోనే చేరింది. జిల్లావాళ్లు వెంటనే స్పందించారు. మెమరీ నిండిందని ఊరికే అంటే సరిపోదు, ఎంత నిండిందో నిమిషనిమిషానికీ తెలియాలి అన్నారు. అలా చెప్పే ప్రోగ్రాము ఒకటి పంపారు. అది ప్రతి నిమిషం మెమరీ శాతాన్ని లెక్కగట్టి, నసీమా ఫొటో ఒకటి తీసి, రెండూ కలిపి జిల్లాకు పంపుతుంది. అది ఎక్కాక శాతం తొంభై ఎనిమిదైంది.

జిల్లావాళ్ల ప్రోగ్రాము నిజం చెబుతోందో లేదో చూడటానికి డివిజన్‌వాళ్లు ఇంకొకటి ఎక్కించారు. ఈ రెండింటి లెక్కలూ కలవకపోతే ఎర్రగా, కలిస్తే పచ్చగా మెరిసే బొమ్మ ఒకటి రాజధాని నుంచి వచ్చింది. అది మెరవడానికే సగం రోజు పట్టేది. శాతం తొంభై తొమ్మిదైంది. నసీమా ఇప్పుడు అక్షరాలు కొట్టడం మానేసింది. నిమిషానికోసారి ఫొటోకు ముఖం పెట్టడంతోనే ఆమెకు పొద్దు గడిచిపోతోంది. తల దువ్వుకోని రోజు జిల్లా నుంచి మెమో వచ్చింది.

ఇరవయ్యో తారీకున టెలీకాన్ఫరెన్సు పెట్టారు. మెమరీ తగ్గించుకోవడం గురించి. అందరూ తమ తమ లాప్‌టాపుల్లోంచే, ముఖాలు కనబడేలా హాజరు కావాలన్నారు. జిల్లా సాంకేతిక సమన్వయాధికారి మాట్లాడాడు. ఆయన నోరు ముందు కదిలి, మాట అరనిమిషం తర్వాత వచ్చేది.

"ఏటిగడ్డ ఎందుకు తొంభై తొమ్మిదిలో ఉంది?"

"సార్, తమరి ప్రోగ్రాము ఎక్కక ముందు తొంభై ఏడే సార్," అన్నాడు కోదండపాణి వినయంగా.

"కారణాలు చెప్పకండి. శాతాలు చెప్పండి. ముప్పయ్యో తారీకులోగా ప్రతి మండలం ఒక్క శాతం తగ్గించాలి. తగ్గించిన అధికారికి ప్రశంసాపత్రం. తగ్గించనివారి విషయం నేను చెప్పక్కర్లేదు. ఈ వారమంతా మెమరీ పొదుపు వారోత్సవం."

ఆచారి తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్నాడు. ఆయన రోజూ వస్తున్నాడు. కొట్టు తెరవడం మానేశాడు. భార్య కామేశ్వరి పొద్దున్నే డబ్బా కట్టి ఇస్తూ, "నీకు జీతమిస్తారా వాళ్లు?" అనేది. "ఇల్లు ఇస్తారంట," అనేవాడు.

వారోత్సవం ఘనంగానే జరిగింది. మండలంలో ఉన్న గ్రామ రెవెన్యూ అధికారులంతా తెల్ల టోపీలు పెట్టుకుని బస్టాండు నుంచి ఆఫీసు దాకా నడిచారు. "మెమరీని ఆదా చేద్దాం, భావితరాలకు అందిద్దాం" అన్నారు. రోడ్డు మీద బజ్జీలు తింటున్న రైతులు టోపీలు పంచుతారేమోనని కాసేపు వెంటబడి, పంచకపోయేసరికి వెనక్కి తిరిగారు. ఆఫీసు ముందు కట్టిన ఫ్లెక్సీ నిజంగా బ్రహ్మాండంగా ఉంది. జిల్లావాళ్లు దాని నమూనా పంపారు. దాన్ని లాప్‌టాప్‌లో తెరిచి, ఏటిగడ్డ అని పేరు మార్చి, ప్రింటుకు పంపడానికి మూడు రోజులు పట్టింది. జిల్లావాళ్లు తెరవమన్న దస్త్రం గనుక దాన్ని మూయడానికి వీల్లేదు. అది రెండు వందల పద్నాలుగో విండోగా అక్కడే ఉండిపోయింది.

ఇరవై అయిదో తారీకు మధ్యాహ్నం ఊరంతా కరెంటు పోయింది. ఆచారి ఆఫీసు వరండాలో ఉన్నాడు. ఒక్కసారి ఆయన ప్రాణం లేచొచ్చింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ చచ్చి రెండేళ్లయిందని ఆయనకు తెలుసు. కరెంటు పోతే ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టక్కర్లేకుండా, ఏ హోదా లేకుండా, అది తనంతట తానే ఆరిపోతుంది. లోపలికి పరిగెత్తాడు.

లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది. ఇన్వర్టరు గట్టిగా, హాయిగా గుర్రుమంటోంది. ఆ రోజు నేల మీద కూర్చుని తానే బాగుచేసిన ఇన్వర్టరు. కొత్త తీగలు వేసి, నీళ్లు మార్చి, తిరిగొచ్చిన కోదండపాణి మెచ్చుకుంటే పొంగిపోయి ఇంకో బిగింపు బిగించి మరీ వచ్చాడు. కరెంటు నాలుగు గంటలు రాలేదు. ఇన్వర్టరు నాలుగు గంటలూ నిలబడింది. తన పనితనం మీద తనకే అంత అసహ్యం పుట్టడం ఆచారికి అదే మొదలు.

గదిలో నసీమా ఒక్కతే ఉంది. మిగతావాళ్లు గాలి కోసం వరండాలోకి పోయారు. ఆచారి ఇన్వర్టరు వైపు చూశాడు. తీగ పట్టుకుని ఒక్క లాగు లాగితే చాలు.

"వద్దు బాబాయ్," అంది నసీమా మెల్లగా, తల తిప్పకుండా. ఇంకో నిమిషంలో ఫొటో పడుతుంది మరి.

"నేనేం జెయ్యలేదు గదమ్మా."

"చేస్తారనే. ఆరిపోతే రాజధానిలో ఎర్రగా వెలిగిద్ది. ఆ నిమిషంలో ఇక్కడున్న ముఖం నాది. మీకు స్థలం పోద్ది, నిజమే. నాకు పని పోద్ది. ఇంట్లో సంపాదించేదాన్ని నేనొక్కదాన్నే బాబాయ్."

ఆచారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. టిక్కున ఫొటో పడింది. ఆ ఫొటోలో ఆచారి భుజం కూడా పడిందట. మర్నాడు "కార్యాలయంలో అనధికార భుజము" గురించి సంజాయిషీ అడిగారు.

ఒక్క శాతం ఎలా తగ్గించాలన్నది తేల్చడానికి ఇరవై ఎనిమిదో తారీకున ఇందుమతి గారు కమిటీ వేయడం జరిగింది. కోదండపాణి సభ్య కార్యదర్శి. విండోలకు పంచనామా చేయాలని తీర్మానించారు. మధ్యవర్తులుగా ఇద్దరు పెద్దమనుషులు కావాలి. టీ కొట్టతను ఒకడు, అందుబాటులో ఉన్నాడని ఆచారి ఒకడు. ఒక్కో విండో ముందుకు తెచ్చి, అందులో ఏముంది, ఎవరు తెరిచారు, వారి హోదా ఏమిటి, మూయగలవారు ఎవరు అని కాగితం మీద రాసుకోవాలి. విండో అనే మాట కోదండపాణికి నచ్చక గవాక్షం అని రాశాడు. రెండు రోజులు పట్టింది.

"గవాక్షం సంఖ్య ఒకటి," అని చదివాడు. "గౌరవనీయుల ప్రారంభోపన్యాసం. తెరిచినవారు అప్పటి జిల్లా అధికారి. పదోన్నతి మీద వెళ్లారు. మనకు అధికారం లేదు."

"తొమ్మిది. పెళ్లి శుభలేఖ. తెరిచినవారు మూడో తహసీల్దారు. పిల్లకు ఇప్పుడు ఇద్దరు బిడ్డలు. ఆయన ఇప్పుడు మనకు పై అధికారి. అధికారం లేదు."

"నలభై ఆరు. చీరల కొట్టు వారి పట్టుచీరలు, నెమలికంఠం రంగు."

"ఇదెవరు తెరిచారు సార్?" అన్నాడు టీ కొట్టతను.

"తెరిచినవారి గురించి వ్యాఖ్యానించడం మధ్యవర్తుల పని కాదు. అధికారం లేదు."

నూట రెండో గవాక్షంలో ఎప్పటిదో క్రికెట్ స్కోరు ఉంది. ఆఖరి ఓవరులో ఆరు పరుగులు కావాలి, మూడేళ్లుగా కావాలి. తెరిచిన డిప్యూటీ కలెక్టరు నిరుడు గుండెపోటుతో పోయాడు. ఆచారికి ఆశ పుట్టింది.

"పాపం పోయాడు గదా సార్. దీన్ని మూస్తే ఎవరడుగుతారు? ఒక్కటి మూసినా ఎంతో కొంత తగ్గిద్ది."

"పోయినవారి తరఫున వారసులు మూయవచ్చు," అని ఒప్పుకున్నాడు కోదండపాణి.

"వాళ్లావిడ మా వీధే. పిలుచుకొస్తా."

"ఆవిడ వారసురాలని మనకెట్టా తెలుసు? వారసత్వ ధ్రువపత్రం కావాలి."

"అదెవరిస్తారు సార్?"

"మనమే. ఈ లాప్‌టాప్‌లో దరఖాస్తు చేసుకోవాలి." కోదండపాణి ముఖంలో వెటకారం లేదు. అందులో చుట్టూ తిరిగి మొదటికి రావడం ఉందని ఆయనకు తోచినట్టే లేదు. తోచి ఉంటే ఆచారికి కొంత నయంగా ఉండేది.

ఇరవై తొమ్మిది సాయంత్రానికి పట్టిక పూర్తయింది. రెండు వందల పద్నాలుగు గవాక్షాల్లో రెండు వందల పదమూడింటికి మూసే అధికారం ఈ ఆఫీసులో ఎవరికీ లేదు. కోదండపాణి వాటి పక్కన ఎర్ర సిరాతో అడ్డగీతలు పెట్టాడు. ఒక్కదాని పక్కన మాత్రం పైకి చదవకుండానే నీలం సిరాతో సున్నా చుట్టాడు. ఆచారి చదవబోతే కాగితం బోర్లించాడు. మధ్యవర్తి సంతకం ఆ బోర్లించిన కాగితం వెనకే పెట్టించుకున్నాడు.

ముప్పయ్యో తారీకు మూడున్నరకు ఇందుమతి గారు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఆచారి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. కామేశ్వరి కూడా వచ్చి వరండాలో నిలబడింది. చేతిలో సంచి, సంచిలో మిఠాయిల పొట్లం. తెర మీద ఆచారి అర్జీ తెరిచి ఉంది. పేరు, తండ్రి పేరు, హద్దులు, సర్వే నంబరు, అన్నీ నసీమా ఒక్కో అక్షరం ఏడు వారాలు కూర్చుని కొట్టినవే. కింద పచ్చటి గడిలో "ఆమోదము" అని ఉంది. పక్కన బొటనవేలి బొమ్మ.

ఇందుమతి గారు వేలు పెట్టారు. చుక్కలు తిరిగాయి. నాలుగైంది. నాలుగుంబావు అయింది. ఆవిడ వేలు తియ్యలేదు. ఆ మాటకొస్తే అంత ఓపికగా వేలు పెట్టిన అధికారిని ఆచారి చూడలేదు. నాలుగున్నరకు తెర మీద ఒక గడి వచ్చింది. నసీమా చదివింది.

"చోటు చాలట్లేదంట మేడం. వేలిముద్ర తీసుకోవాలంటే కనీసం ఒక్క విండో మూయాలంట."

కోదండపాణి పంచనామా పట్టిక తెచ్చి బల్ల మీద పరిచాడు.

"తమరు చేరినప్పటి నుంచీ తమరి ఆదేశంతో తెరిచిన గవాక్షం ఒక్కటే మేడం," అన్నాడు. "మూయటానికి తమరికి సంపూర్ణ అధికారం ఉన్నది కూడా అదొక్కటే. రెండు వందల పదమూడో సంఖ్య."

ఇందుమతి గారు పట్టిక చూశారు. తర్వాత తెర చూశారు. రెండూ ఒకటేనని అర్థం కావడానికి ఆవిడకు కొంత సమయం పట్టింది. ఆచారికి మాత్రం సమయం పట్టలేదు.

"అది నాది మేడం," అన్నాడు.

"అవునండీ. గమనించడం జరిగింది."

"నా అర్జీకి వేలు పెట్టటానికి నా అర్జీ మూస్తారా?"

"మూస్తేనే గదా ఆచారీ యంత్రం పనిచేసేది," అన్నాడు కోదండపాణి ఓపికగా, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "నీ కోసమే గదా ఇదంతా."

"ఆ చీరలు మూయండి మేడం. ఆ క్రికెట్ మూయండి. ఎవరూ చూడరు. నేనే నొక్కుతా, నా మీద కేసు పెట్టుకోండి."

నసీమా చెయ్యి మీట మీదికి పోయి ఆగింది. టిక్కున ఫొటో పడింది. ఆమె చెయ్యి ఒళ్లోకి వచ్చేసింది.

నాలుగూ నలభై అయిదుకు జిల్లా నుంచి ఫోను వచ్చింది. ఒక్క శాతం తగ్గిందా అని అడిగారు. అన్ని మండలాలూ తగ్గించాయట, ఏటిగడ్డ ఒక్కటే మిగిలిందట. ఇందుమతి గారు ఫోను చెవి దగ్గర పెట్టుకునే ఉన్నారు. "తగ్గించడం జరుగుతోంది సార్," అన్నారు. ఆ మాట అంటుండగానే ఆవిడ రెండో చెయ్యి వెళ్లి తెర పై మూల మీద నొక్కింది. చూస్తున్నవాళ్లకు కూడా ఎవరో నొక్కినట్టు అనిపించలేదు, అది అలా జరిగినట్టే అనిపించింది.

ఆచారి పేరు, తండ్రి పేరు, హద్దులు, సర్వే నంబరు తెర మీంచి పోయాయి. పోవడంలో మాత్రం లాప్‌టాప్ ఏమీ ఆలస్యం చెయ్యలేదు.

శాతం తొంభై ఎనిమిదైంది. రాజధానిలో పచ్చ దీపం వెలిగి ఉంటుంది. వేలిముద్ర యంత్రం కూడా పచ్చగా వెలిగి, కిచకిచమని, వేలు పెట్టమని పిలిచింది. చాలా కాలం తర్వాత అది చక్కగా పనిచేస్తోంది. ఇందుమతి గారు వేలు పెట్టారు. ఒక్క క్షణంలో తీసుకుంది. దేనికి పెట్టారో అడగలేదు, పెట్టినట్టు మాత్రం రాసుకుంది.

"మళ్లీ తెరవండి మేడం," అన్నాడు ఆచారి. "ఇంకా పది నిమిషాలుంది."

"తెరిస్తే మళ్లీ తొంభై తొమ్మిది అయిద్ది," అన్నాడు కోదండపాణి. "ఇప్పుడే తగ్గిందని ఫోనులో చెప్పారు గదా. చెప్పిన అయిదు నిమిషాలకే పెంచితే మేడం గారి మీద చర్య తీసుకుంటారు. పైగా మూసిన దస్త్రం తెరవటానికి వేరే రూలుంది. అది మూసిన అధికారి చేతుల్లో ఉండదు."

ఇందుమతి గారు లేచి నిలబడ్డారు. "మీ విషయంలో విచారం వ్యక్తం చేయడం జరిగింది," అన్నారు ఆచారితో. ఆవిడ కళ్లు నిజంగానే చెమర్చాయి. ఆ సంగతి ఎక్కడా రాయలేదు.

అయిదైంది. కామేశ్వరి మిఠాయిల పొట్లం నసీమా చేతిలో పెట్టి వరండా మెట్లు దిగింది. కోదండపాణి బయటికి వచ్చి ఆచారి భుజం మీద చెయ్యి వేశాడు. రేపు ఆ ఇన్వర్టరుకు నీళ్లు పొయ్యాలి, తీరిగ్గా ఒకసారి రమ్మన్నాడు. ఆచారి ఆ చేతిని తీసి ఆయన ఒంటికే ఆనించి వచ్చేశాడు.

పై వారం ఇందుమతి గారికి ప్రశంసాపత్రం వచ్చింది. ఆచారికి కూడా ఒక కాగితం వచ్చింది, రెండూ ఒకే మనిషి పట్టుకొచ్చాడు. ఆచారిది ఎండార్స్‌మెంటు, అంటే అర్జీకి ఆఫీసు ఇచ్చే జవాబు. దాన్ని ఆయన కొట్టు బల్ల మీద పెట్టుకుని, కళ్లజోడు లేక, దూరంగా పట్టుకుని చదివాడు. "గవాక్షం సంఖ్య 213 మూయబడినందున తమ విషయము ముగించబడినదిగా భావించవలెను. సర్వే నంబరు 118లో తమ అనుభవములో నున్న ఈ దిగువ విస్తీర్ణము బస్టాండు విస్తరణకు సంక్రమించినది. రెండు ముప్పావు సెంట్లు, అనగా నూట ముప్పై మూడు చదరపు గజములు."